నల్లబూట్ల మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను మా స్కూలు గ్రౌండులో పిల్లల చేత టేపు పట్టించి కోర్టు గీతలు కొలిపిస్తున్నాను. ఫోన్ చేసింది ఆయన భార్య. మేమంతా ఆవిడను అమ్మగారు అంటాం. ఆవిడ ఏడవలేదు. "పొద్దున్న కాఫీ తాగి, బూట్లు తుడుచుకుంటానని వరండాలోకి వెళ్ళారమ్మా. ఎంతకీ లోపలికి రాకపోతే వెళ్ళి చూశాను. ఒక బూటు తుడవడం అయింది. రెండోది ఒళ్ళోనే ఉంది," అన్నారు.

"ఇవాళ ఏ మ్యాచ్ ఉందండీ?" అని అడిగాను. అలాంటప్పుడు అడగాల్సిన మాట కాదది. నోట్లోంచి వచ్చేసింది.

"ఏ మ్యాచూ లేదమ్మా. రిఫరీ పని మానేసి నాలుగేళ్ళు కాలేదూ? తుడవడం మాత్రం మానలేదు," అన్నారావిడ. అప్పుడు ఏడ్చారు. టేపు పట్టుకున్న పిల్లలు నా వంక చూస్తూ అలాగే నిలబడిపోయారు.

ఆయన మా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. తణుకు చుట్టుపక్కల మా ఈడువాళ్ళు ఎవరు బాస్కెట్‌బాల్ పట్టుకున్నా మొదట ఆయన చేత తిట్లు తినే పట్టుకున్నారు. పాఠం చెప్పడం ఒక ఎత్తు, రిఫరీగా నిలబడటం ఒక ఎత్తు. జిల్లాలో ఎక్కడ పోటీలు జరిగినా విజిల్ ఆయన మెడలో ఉండేది, నిగనిగలాడే నల్లబూట్లు ఆయన కాళ్ళకు ఉండేవి. ఊళ్ళో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. నల్లబూట్ల మాస్టారు అనేవారు. కొందరు అభిమానంగా అనేవారు, కొందరు వెటకారంగా అనేవారు. నేను రెండు రకాలుగానూ అన్నాను.

నాకు నోటి దురుసు ఉందని నన్నెరిగిన వాళ్ళందరికీ తెలుసు. ఆటలో ఉన్నప్పుడు రిఫరీలతో గొడవపడి అన్నిసార్లు బయట కూర్చున్నదాన్ని నేనొక్కదాన్నేనేమో. అలాంటి నన్ను, నేను కూడా పీఈటీ ఉద్యోగంలో చేరాక, మాస్టారు పిలిచి "రిఫరీ పరీక్షకు కట్టు" అన్నారు. "నన్నెందుకండీ?" అంటే, "ఇన్నాళ్ళూ అవతల నిలబడి అరిచావు. ఇవతల నుంచి ఎలా ఉంటుందో చూడు," అన్నారు. పరీక్ష పాసయ్యాను. ఇంక విజిలే తరువాయి అనుకున్నాను. మాస్టారి దృష్టిలో బూట్లు తరువాయి.

ఒక సాయంత్రం నన్ను తణుకు బజారులో చెప్పుల దుకాణానికి తీసుకెళ్ళారు. సాయంత్రమే ఎందుకంటే, పొద్దున్నుంచీ తిరిగిన కాలు కాస్త పొంగుతుందనీ, ఆ కాలుకు సరిపోయిన బూటే ఆఖరి క్వార్టర్‌లో కూడా సరిపోతుందనీ చెప్పారు. మ్యాచ్‌కు వేసుకునే మేజోళ్ళే వేసుకుని రమ్మన్నారు. దుకాణదారు నన్ను చూసి ఆడవాళ్ళ నల్లబూట్లంటూ బకిల్ పెట్టినవీ, మడమ ఎత్తువీ, ముందు పువ్వు కుట్టినవీ తెచ్చి పోశాడు. మాస్టారు వాటిని చేత్తో కూడా ముట్టుకోలేదు. తర్వాత మగపిల్లలు స్కూలుకు వేసుకునే తోలుబూట్లు వచ్చాయి. వాటి మడమను గచ్చు మీద టకటక కొట్టి చూసి, "ఈ చప్పుడుకు ఆటగాళ్ళు తల తిప్పి చూస్తారు. మనం వస్తున్నట్టు వాళ్ళకు తెలియకూడదు," అని పక్కన పెట్టేశారు.

ఆ తర్వాత పూర్తిగా నల్లగా ఉన్న ఆటబూట్ల జత ఒకటి దొరికింది. నాకు నచ్చింది, వేసుకున్నాను, సరిపోయింది. లేద్దామనుకుంటే, "వెనక్కి నడువు," అన్నారు.

"వెనక్కా?"

"రిఫరీ సగం మ్యాచ్ వెనక్కే పరిగెడుతుంది. ముందుకు నడిచి చూసుకోవడానికి నువ్వేమైనా పేరంటానికి వెళ్తున్నావా? నడువు."

నడిచాను. చెప్పుల బల్లకు తగిలి రెండు వరసలు కింద పడేశాను. దుకాణదారు "ఆయ్, పరవాలేదండి, పరవాలేదండి," అంటూనే నా వెనక చేతులు చాపుకుని తిరిగాడు. ఇదంతా అయ్యాక మాస్టారు బూటు తిరగేసి, బొటనవేలు నీళ్ళలో తడిపి సోలు మీద గట్టిగా రుద్దారు. ఆ వేలిని జేబులోంచి తీసిన తెల్ల రుమాలుకు అద్దారు. రుమాలు మీద నల్ల మచ్చ పడింది. "ఇది పనికిరాదు. కోర్టంతా గీతలు పెడుతుంది," అని లేచిపోయారు. అలా మూడు దుకాణాలు తిరిగాం. "మాస్టారూ, పెళ్ళికూతురికి నగలు కొన్నా ఇంతసేపు పట్టదండీ," అని విసుక్కున్నాను. నాలుగో దుకాణంలో రుమాలు తెల్లగానే ఉంది. ఆ జతతో వారం రోజులు కూరగాయల బజారుకు తిరగమన్నారు. కొత్త బూట్లు కరిస్తే వంకాయల దగ్గరే కరవాలి గానీ కోర్టులో కాదన్నది ఆయన సిద్ధాంతం.

నల్లవే ఎందుకని అడిగితే ఆయన ఎప్పుడూ ఒకటే చెప్పేవారు: "గీత దగ్గర పది కాళ్ళు ఆడుతుంటాయి. మన కాలు వాటిలో కలిసిపోకూడదు." రూలు పుస్తకంలో ఉంది కాబట్టి చెబుతున్నారనుకున్నాను. ఇంకో మాట కూడా ఆయన చెప్పగా వందసార్లు విన్నాను. "చూస్తే ఊదు. చూడకపోతే ఊదకు. ఊదాక మాత్రం సాక్ష్యం వెతుక్కోకు." వందసార్లు విన్నది బుర్రకెక్కిందని అనుకోవడం నా పొరపాటు.

పన్నెండేళ్ళ కిందట, అక్టోబరు ముసురులో, తణుకులో ఆడపిల్లల స్కూళ్ళ పోటీల ఫైనల్ పడింది. నరసాపురం జట్టుకూ మా పక్క ఊరి జట్టుకూ ఆట. రాత్రి పడ్డ జల్లుకు వరండాలో పెట్టిన నా నల్లబూట్లు నీళ్ళు తాగి బరువెక్కాయి. ఇంట్లో ఉన్నవి తెల్ల ఆటబూట్లు. మాస్టారికి ఫోన్ చేస్తే ఏదో ఒక ఏర్పాటు చేసేవారే. చేస్తే తిడతారని చెయ్యలేదు. సీసాలో నల్ల పాలిష్ ఉంటే తెల్లబూట్లకు పూసేశాను. పక్కన తెల్ల రబ్బరు అంచు కనిపిస్తుంటే దానికీ పూశాను. ఫ్యాను కింద ఆరబెడితే చూడ్డానికి బ్రహ్మాండంగా ఉన్నాయి. స్కోరు టేబుల్ దగ్గర కూర్చున్న మాస్టారు నా కాళ్ళ వంక ఒకసారి చూసి ఊరుకున్నారు. దొరకలేదు కదా అని సంబరపడ్డాను.

ఆట చివరి అర నిమిషం. నరసాపురం ఒక్క పాయింటు వెనక ఉంది. వాళ్ళ ఎనిమిదో నంబరు అమ్మాయి బంతి పట్టుకుని రింగు వెనక గీత పక్కనుంచి దూసుకొచ్చింది. నేను ఆ గీత మీదే ఉన్నాను. ఆ పిల్ల వేగానికి వెనక్కి జరిగాను, మబ్బుల్లోంచి పొడుచుకొచ్చిన ఎండ కళ్ళలో పడింది, ఏదో తొక్కినట్టు అనిపించింది, ఊదేశాను. ఆ పిల్ల అప్పటికే బంతి వేసేసింది. రింగులోంచి పడింది కూడా. గీత తొక్కింది కాబట్టి ఆ బుట్ట చెల్లదని చెయ్యి ఊపాను.

"నేను తొక్కలేదు మేడమ్," అంది ఎనిమిదో నంబరు.

అక్కడితో ఆగితే పొరపాటు పొరపాటుగా ఉండేది. నేను ఆగలేదు. నిజానికి నేను సరిగ్గా చూడలేదని నాకు లోపల తెలుస్తూనే ఉంది. అందుకే కిందికి చూశాను. ముందు రోజే వేసిన తెల్లరంగు గీత మీద, గీత దాటి ఇవతలికీ, కొత్తగా పడ్డ నల్లటి చార ఉంది. ప్రాణం లేచొచ్చింది. "తొక్కలేదంటావా? ఇదేంటి మరి?" అని అందరూ చూసేలా వేలు పెట్టి చూపించాను. ఆ పిల్ల చారను చూసింది, నన్ను చూసింది, మళ్ళీ మాట్లాడలేదు. ఆ జట్టు ఒక్క పాయింటుతో ఓడిపోయింది. వెళ్ళిపోతుంటే ఎవరో "తొక్కిందే కాక బొంకుతోంది కూడా" అనడం వినిపించింది.

కోర్టు ఖాళీ అయ్యాక మాస్టారు తడి రుమాలుతో వచ్చారు. ముందు గీత మీది చారను తుడిచారు. తర్వాత నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని నా బూటు అంచును అదే రుమాలుతో తుడిచారు. అరవై దాటిన మనిషి నా కాళ్ళ దగ్గర అలా కూర్చుంటే నాకు చచ్చేంత సిగ్గు వేసింది. రుమాలు మీది రెండు మచ్చలూ ఒకటే నలుపు. అప్పటికీ నేను, "ఆ అమ్మాయి బూటుది కూడా కావొచ్చు కదండీ," అని వాదించాను.

"ఆ పిల్ల బూట్లు ఏ రంగమ్మా?" అన్నారు.

తెల్ల కాన్వాసు బూట్లు. ఆట మొదటినుంచి చివరిదాకా నా కళ్ళ ముందే పరిగెత్తాయి.

ఫలితం మారదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. "పోనీ ఉత్తరం రాయమంటారా?" అన్నాను. "విజిల్ అందరి ముందూ ఊదావు కదా. ఇదీ అందరి ముందే చెప్పాలి," అన్నారు. మరుసటి శనివారం ఇద్దరం నరసాపురం బస్సెక్కాం. దారి పొడుగునా నేను ఆయన మీద కోపంతో కిటికీలోంచి బయటికే చూశాను. పొరపాటు చెయ్యని రిఫరీ ఉంటుందా, ఇంత రభస అవసరమా అని నా బాధ.

వాళ్ళ స్కూలు కోర్టులో జట్టంతా వరసగా నిలబడ్డారు. ఎనిమిదో నంబరు లేదు. ఆటకు రావడం మానేసిందని వాళ్ళ డ్రిల్లు టీచరు చెప్పి, కబురు పెట్టి పిలిపించారు. ఆ పిల్ల యూనిఫారంలో వచ్చి దూరంగా నిలబడింది. నేను చెప్పాను. ఆ చార నా బూటుదేనని, గీత తొక్కడం నేను చూడలేదని, చూడకుండానే ఊదానని, ఊదాక తప్పు ఒప్పుకోలేక చార చూపించానని. నాలుగు వాక్యాలు. నోరు గల మనిషిని అని పేరున్న నాకు నాలుగు వాక్యాలకు నోరెండిపోయింది.

ఎనిమిదో నంబరు ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. "ఈ మాట మా నాన్నకు కూడా చెప్తారా మేడమ్?" అని అడిగింది.

వాళ్ళ నాన్న గోదారి ఒడ్డున పడవ పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచి, "ఆయ్, రండి, కూర్చోండి," అని పడవ అంచు తుడిచాడు. మళ్ళీ చెప్పాను. ఆయన వలలో వేళ్ళు అలాగే ఉంచి విన్నాడు. "అంటే మా అమ్మాయి నిజమే చెప్పిందన్నమాటండి," అన్నాడు.

"నిజమే చెప్పిందండి. నేనే చూడకుండా చెప్పాను."

"నేను ఇంకోలా అనుకున్నానండి. తప్పు చేసి, పైగా పెద్దోళ్ళకి ఎదురు చెప్పి, అబద్ధం కూడా ఆడిందని ఆట మాన్పించేశానండి. ఓడిపోయినందుకు కాదండి. ఓడితే నాకేంటండి." కూతురి వైపు తిరిగాడు. చేతిలోంచి వల కింద పెట్టాడు. "సోమారం నుంచి గ్రౌండుకెళ్ళమ్మా," అన్నాడు. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మాస్టారు మాత్రం గోదారి వైపు తిరిగి నిలబడ్డారు. వెళ్తామంటే వాళ్ళ నాన్న వద్దన్నా వినకుండా ఒక సంచిలో చేపలు పెట్టి చేతికిచ్చాడు.

తిరుగు బస్సులో ఆ చేపల వాసనకు కండక్టరు సణుగుతూనే ఉన్నాడు. పాలకొల్లు దాటాక మాస్టారు ఉన్నట్టుండి, "నేను ఒకసారి చెప్పలేదమ్మా," అన్నారు. అది ఆయన రిఫరీ అయిన మొదటి ఏడాదట. అప్పట్లో మా వైపు రిఫరీలూ ఆటగాళ్ళూ అందరూ తెల్ల కాన్వాసు బూట్లే వేసేవారట. రాజమండ్రిలో ఒక ఆఖరి ఆటలో, ధవళేశ్వరం కుర్రాళ్ళ జట్టులో ఎడమచేతి వాటం ఆటగాడు పక్క గీత దగ్గర బంతి పట్టాడు. గీత మీద తెల్లబూటు కనిపించి మాస్టారు ఊదేశారు. ఆ బూటు తోటి రిఫరీది. ఇంటికెళ్ళాక, కళ్ళు మూసుకుంటే ఆ బూటు పైన ప్యాంటు కనిపించిందట. ఆటగాడైతే నిక్కరు కదా. "చెబితే మళ్ళీ పిలవరని భయపడ్డాను. ధైర్యం చేసుకుని ఏడాది తర్వాత ధవళేశ్వరం వెళ్తే, వాళ్ళ నాన్నకు బదిలీ అయిపోయిందన్నారు. ఎక్కడికో ఎవరికీ తెలీదు. ఆ పిల్లాడూ తొక్కలేదనే అన్నాడమ్మా. నా మొహంలోకి చూసి అన్నాడు."

అప్పుడు అర్థమైంది నాకు, నాలుగు దుకాణాల్లో ఆయన ఏం వెతికారో. మా వైపు మొదట నల్లబూట్లు వేసుకున్న రిఫరీ ఆయనేనని పాతవాళ్ళు అంటుంటే గొప్ప కోసం అనుకునేదాన్ని. ఆ రోజు ఆయన చేతిలోంచి చేపల సంచి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. అంతకు మించి ఏం చెయ్యాలో తోచలేదు. ఆ తర్వాత ఆయన ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, నన్నూ ఎత్తనివ్వలేదు.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళం పాతికమందిమి పెద్దకార్యానికి వెళ్ళాం. ఏం వేసుకురావాలో ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు గానీ, అందరం మ్యాచ్‌కు వచ్చినట్టు నల్లబూట్లతోనే వచ్చాం. గుమ్మం బయట విప్పితే పాతిక జతలు వరసగా, ముందు భాగం వీధి వైపుకు. అలా తిప్పి విడవడం కూడా ఆయన నేర్పిందే. అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి లోపల నాలుక మీద తలా ఒక రంగు దారం కుట్టుకోమనేవారు. నాది ఆకుపచ్చ. ఆయనది తెలుపు.

భోజనాలయ్యాక నేను అమ్మగారి దగ్గర కూర్చుని, బస్సులో మాస్టారు చెప్పిన మాట చెప్పాను. ఇది రాయొచ్చాండీ అని అడిగాను. ఆవిడ పమిట చెంగు మడత మీద మడత పెట్టుకున్నారు. "నాకెప్పుడూ చెప్పలేదమ్మా. నిద్రలో మాత్రం 'తొక్కలేదు, తొక్కలేదు' అనేవారు. ఎవర్నో అంటున్నారనుకునేదాన్ని. రాయి. ఆయన చెప్పలేకపోయింది నువ్వన్నా చెప్పు," అన్నారు.

అందుకే ఈ నాలుగు ముక్కలు. ధవళేశ్వరం జట్టులో ఆడిన ఆ ఎడమచేతి వాటం ఆటగాడు ఇప్పుడు పెద్దవారై ఉంటారు. ఎక్కడున్నారో తెలీదు. ఇది మీ కళ్ళ పడితే, అయ్యా, ఆ రోజు మీరు గీత తొక్కలేదు. మా మాస్టారికి ఆ సంగతి తెలుసు. బతికినంతకాలం మర్చిపోలేదు.

సాయంత్రం ఒక్కొక్కరూ లోపలి దారం చూసుకుని, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయారు. చివరికి నేనూ, ఎనిమిదో నంబరూ మిగిలాం. తను ఇప్పుడు నరసాపురం దగ్గర పీఈటీ. రిఫరీ పని మాస్టారి దగ్గరే నేర్చుకుంది. ఏడాదికి రెండు మూడు మ్యాచ్‌లు ఇద్దరం కలిసి చేస్తాం. నేను ఊదిన తర్వాత తను నా మొహం చూస్తుంది, అలవాటుగా.

మా రెండు జతలూ తొడుక్కున్నాక గోడ వారగా ఇంకో జత ఉంది. తెల్లదారం. ఒక బూటు మెరుస్తోంది. రెండోదాని మీద అలాగే దుమ్ముంది. ఆ రోజు ఆయన ఒళ్ళోంచి తీసి ఎవరో అక్కడ పెట్టినట్టున్నారు.

ఎనిమిదో నంబరు మెట్టు మీద కూర్చుని రెండో బూటు ఒళ్ళో పెట్టుకుంది. రుమాలు తీసి పైభాగం తుడిచింది, అంచు తుడిచింది. తిరగేసి, బొటనవేలు నీళ్ళలో తడిపి సోలు మీద గట్టిగా రుద్దింది. ఆ వేలిని రుమాలుకు అద్ది నాకు చూపించింది.

"మరక లేదు మేడమ్," అంది.

ఆ బూటును జతగా పెట్టి, రెంటినీ వీధి వైపుకు తిప్పింది.